ఎంతమంది రావాలన్నది వేరు, ఎవరు రావాలన్నది వేరు

విజయవాడ పటమట నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. పెద్దబ్బాయి కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో చదువు ముగించి వర్క్ పర్మిట్ మీద పనిచేస్తూ పీఆర్ (శాశ్వత నివాస హక్కు) కోసం ఎదురుచూస్తున్నాడు. చిన్నబ్బాయి బీటెక్ ఆఖరి సంవత్సరం. "జనాభా నిలకడగా ఉండాలంటే వలసలు తగ్గించాలని అక్కడ ప్రచారం చేస్తున్నారట. ప్రభుత్వం కూడా తగ్గించేసింది. ఇది మనవాళ్ల మీద కడుపుమంట కాక ఇంకేమిటి మాస్టారూ? వాళ్ల వాదనలో పస ఉందా? చిన్నవాణ్ని పంపాలా వద్దా?" అని అడిగారు.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. గుంటూరులో ముప్ఫై ఏళ్లకు పైగా స్టాటిస్టిక్స్ చెప్పాను. 1991, 2001 జనాభా లెక్కల్లో పనిచేశాను. మా అమ్మాయి ఒంటారియోలోనే బ్రాంప్టన్ ఊళ్లో ఉంటుంది, రెండు విడతలుగా అక్కడ పది నెలలు ఉండి వచ్చాను. అందువల్ల నాకు లెక్కా తెలుసు, మన పిల్లలు అద్దెకు సర్దుకునే బేస్‌మెంటూ తెలుసు.

సూటిగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. వాళ్ల వాదనలో పస ఉంది. నేనే గనక అక్కడి పౌరుణ్ని అయితే వలసల సంఖ్య తగ్గించమనే అడిగేవాణ్ని. ఈ మాట అన్నందుకు మా అల్లుడు నాతో రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. తర్వాత కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆ లెక్కే మీకూ చెబుతాను.

2023 ఒక్క సంవత్సరంలో కెనడా జనాభా 12,71,872 పెరిగింది, అంటే 3.2 శాతం. 1957 తర్వాత ఇంత వేగంగా ఎప్పుడూ పెరగలేదు. పెరిగినవాళ్లలో 97.6 శాతం బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లే. పుట్టినవాళ్లలోంచి పోయినవాళ్లను తీసేస్తే మిగిలింది 31 వేల లోపు. 1957 నాటి పెరుగుదలలో పెద్ద వాటా ఉయ్యాలల్లో ఉంది, 2023 నాటిది ఎయిర్‌పోర్టులో ఉంది. ఈ తేడా చిన్నది కాదు. పిల్లాడు పుడితే వాడికి వేరే ఇల్లు కావలసి రావడానికి పాతికేళ్లు పడుతుంది. ఆలోపు ఊరు సర్దుకుంటుంది, బడి కడతారు, రోడ్డు వేస్తారు. విమానం దిగినవాడికి మాత్రం ఆ రాత్రికే మంచం కావాలి, నెల తిరక్కుండా బస్ పాసూ డాక్టరూ కావాలి.

ఇళ్ల లెక్క చూడండి. ఇంటికి సగటున ఇద్దరున్నర మంది అనుకుంటే 12.7 లక్షల మందికి సుమారు 5 లక్షల ఇళ్లు కావాలి. ఆ ఏడాది ఆ దేశంలో మొదలైన ఇళ్ల నిర్మాణాలు దాదాపు 2.4 లక్షలు. "వచ్చినవాళ్లలో చాలామంది స్టూడెంట్లు, ఒక్కో బేస్‌మెంట్లో ఆరుగురు సర్దుకుంటారు కదా, అన్ని ఇళ్లు ఎందుకు?" అని మా అల్లుడూ అడిగాడు. ఆరుగురు ఒక బేస్‌మెంట్లో సర్దుకోవలసి రావడమే కదా ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న ఇబ్బంది. పైగా ఆ ఆరుగురు తలా కొంత వేసుకుని ఇచ్చే అద్దెతో, పిల్లలున్న ఒక స్థానిక కుటుంబం పోటీ పడలేదు.

మీది పటమట కాబట్టి ఇంకోలా చెబుతాను. రాష్ట్రం విడిపోయాక హైదరాబాద్ నుంచి ఆఫీసులు తరలివచ్చిన రోజులు గుర్తు తెచ్చుకోండి. బెజవాడలో అద్దెలు ఎలా పెరిగాయో మీకు నేను చెప్పాలా? సొంత ఇల్లు ఉన్నవాడికి పండగ. అదే వీధిలో ఇరవై ఏళ్లుగా అద్దెకుంటున్న టైలరు కానూరు అవతలికి పోయాడు. వచ్చిన ఉద్యోగుల తప్పు ఏమీ లేదు, రమ్మంటే వచ్చారు. కానీ ఆ టైలరు "ఇంతమంది ఒక్కసారిగా వస్తే మేమెక్కడికి పోవాలి?" అంటే అది హైదరాబాద్ వాళ్ల మీద ద్వేషం అవుతుందా?

జనం వేగంగా పెరిగితే లాభం ఒకరిది, ఖర్చు ఇంకొకరిది. ఈ గొడవంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. ఇంటి ఓనరుకి అద్దె, ఫ్యాక్టరీ ఓనరుకి తక్కువ జీతానికి మనిషి, కాలేజీకి ఫీజు వస్తాయి. కాలేజీల సంగతి మన కన్సల్టెన్సీలు ఎవరూ చెప్పరు. ఒంటారియోలో 2019లో అక్కడి పిల్లల ఫీజు 10 శాతం తగ్గించి, ఆ పైన పెంచనివ్వకుండా ఆపేశారు. ప్రభుత్వం ఇచ్చే డబ్బు చాలదు. ఆ లోటు పూడ్చుకోవడానికి కాలేజీలు, నాలుగు రెట్లకు పైగా ఫీజు కట్టే బయటి పిల్లల కోసం ఎగబడ్డాయి. గుంటూరు లక్ష్మీపురంలో, బెజవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఫ్లెక్సీలు కట్టింది అందుకే. మన పిల్లల తెలివికి ముచ్చటపడి కాదు.

ఇంకో చిత్రం ఉంది. ఏటా ఎంతమందికి పీఆర్ ఇవ్వాలన్నది అక్కడి ప్రభుత్వం ముందుగానే పార్లమెంటుకు చెబుతుంది. కానీ స్టూడెంట్లు, వర్క్ పర్మిట్ల వాళ్లు ఎంతమంది రావచ్చో 2024 వరకు ఆ ప్లానులో అంకే లేదు. వీధి గుమ్మం దగ్గర గుమాస్తా కూర్చుని పేర్లు రాసుకుంటున్నాడు, దొడ్డి గుమ్మం దగ్గర ఎవరూ లేరు. తాత్కాలికంగా వచ్చినవాళ్లు లేకపోతే 2023లో కెనడా జనాభా పెరుగుదల 1.2 శాతమే ఉండేది. అంటే 2 శాతం పెరుగుదల ఎవరూ ఓటు వేయకుండా, ఎవరూ చర్చించకుండా జరిగిపోయింది. అది తెలిశాక జనం అడగరా?

అడిగారు, ప్రభుత్వం దిగివచ్చింది. 2025లో 5 లక్షల మందికి పీఆర్ అనుకున్నది, 2024 అక్టోబరులో 3,95,000కు తగ్గించింది. స్టడీ పర్మిట్లకు 2024 జనవరిలోనే పరిమితి పెట్టింది. జనాభాలో 7 శాతం దాటిపోయిన తాత్కాలిక నివాసులను 5 శాతానికి తెస్తామంది. జనాభా పెరుగుదలను కొన్నాళ్లు ఆపడమే ఉద్దేశమని దాపరికం లేకుండా చెప్పింది. 2025 జులై, సెప్టెంబరు నెలల మధ్య ఆ దేశ జనాభా సుమారు 76 వేలు తగ్గింది కూడా. ఈలోపు కొత్తగా ఇచ్చే ఇళ్ల అద్దెలు తగ్గుముఖం పట్టాయి. వడ్డీలు, కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లు కూడా కారణమే కాబట్టి మొత్తం ఘనత వలసల కోతకే ఇవ్వను. కానీ తగ్గిన దిక్కు మాత్రం లెక్క చెప్పిన దిక్కే.

ఇక "నిలకడ" అనే మాట. చాలామంది దీన్ని "ఎవరూ రావద్దు" అని అర్థం చేసుకుంటున్నారు. కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర మట్టం 12 అడుగుల దగ్గర నిలబెడతారు కదా. నీళ్లు రావడం ఆగిపోయిందనా దానర్థం? పైనుంచి ఇన్‌ఫ్లో వస్తూనే ఉంటుంది, కాలువలకు వదులుతూనే ఉంటారు, మట్టం మాత్రం కదలదు. (మనుషుల్ని వరదతో పోల్చే రాతలంటే నాకు ఒళ్లు మంట. నేను పోలుస్తున్నది మట్టాన్ని, మనుషుల్ని కాదు.) ఒక తరం తన స్థానంలో మరో తరాన్ని నిలబెట్టుకోవాలంటే ఒక్కో స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు ఉండాలి. కెనడాలో 2023లో అది 1.26. అంటే బయటి నుంచి ఒక్కరూ రాకపోతే ఆ దేశం జనాభా కొన్నేళ్లకు కుంచించుకుపోవడం మొదలవుతుంది. పిల్లలు తక్కువగా పుట్టే దేశంలోకి ఏటా ఒకే సంఖ్యలో మనుషులు వస్తుంటే, చాలాకాలానికి జనాభా ఒక అంకె దగ్గర స్థిరపడుతుంది. ఏటా వచ్చే సంఖ్య ఎక్కువైతే ఆ అంకె పెద్దది, తక్కువైతే చిన్నది. వాదన అంతా ఆ సంఖ్య మీదే. వలసలు తగ్గించమనేవాళ్లలో బుద్ధిగా మాట్లాడేవాళ్లు సున్నా అడగడం లేదు, 2015 నాటి స్థాయికి అటూ ఇటూగా ఉంచమంటున్నారు. అప్పుడు ఏటా పీఆర్‌లు 2,71,000 దాకా ఉండేవి. నాకూ ఆ మాట సబబుగానే తోస్తుంది.

"వాళ్లు ముసలివాళ్లైపోతున్నారు, మన కుర్రాళ్లు లేకపోతే పెన్షన్లు ఎవరిస్తారు?" అని మీరు రాశారు. ఇది మన అరుగుల మీద బాగా చెల్లుబాటయ్యే మాట. కొంత నిజం కూడా. కానీ వచ్చిన కుర్రాడు కుర్రాడిగా ఉండిపోడు, ముప్ఫై ఏళ్లకు వాడికీ మోకాళ్ల నొప్పులొస్తాయి. అప్పుడు వాడి పెన్షన్‌కు ఇంకా ఎక్కువమందిని తేవాలి. 2000లో ఐక్యరాజ్య సమితి జనాభా విభాగం సరిగ్గా ఈ లెక్కే వేసి చూసింది. పనిచేసే వయసువాళ్లకీ వృద్ధులకీ ఉన్న నిష్పత్తి చెడకుండా ఉండాలంటే దక్షిణ కొరియాకు 2050 లోపు ఎంతమంది వలస రావాలో తెలుసా? 500 కోట్ల పైన! అప్పటి ప్రపంచ జనాభాయే 600 కోట్లు. క్లాసులో ఈ అంకె చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవారు. వలసలతో వయసు కాస్త వాయిదా పడుతుంది, తగ్గదు.

మన సంగతికొస్తే, ఆంధ్రప్రదేశ్‌లో సంతానోత్పత్తి రేటు 2019-21 సర్వేలోనే 1.7కు పడిపోయింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను 2024 నవంబరులో మన అసెంబ్లీయే ఎత్తేసింది. ముఖ్యమంత్రే ఎక్కువమందిని కనమంటున్నారు. ఇక్కడ మనుషులు తగ్గుతున్నారని ఒకపక్క బెంగపడుతూ, ఇంకోపక్క చదివించి పెంచినవాళ్లను అక్కడికి పంపడం వాళ్ల హక్కన్నట్టు మాట్లాడటం నాకు సరిగ్గా బోధపడదు. పెదనందిపాడు వైపు, రేపల్లె వైపు పెద్ద పెద్ద ఇళ్లలో ఇద్దరేసి ముసలివాళ్లు ఉంటున్నారు. వాళ్ల పెన్షన్ల గురించి కూడా కాస్త ఆలోచిద్దాం.

ఇప్పుడు అసలు గుచ్చుకునే ప్రశ్న. ఇది ద్వేషమా?

కొందరిది ద్వేషమే. అబద్ధం చెప్పను. ఒకసారి బ్రాంప్టన్‌లో బస్‌స్టాపు దగ్గర నన్ను చూసి ఒకడు కారు అద్దం దించి ఏదో అరిచాడు. నాకు సగం అర్థం కాలేదు, అర్థమైన సగం చాలు. కెనడా చరిత్రలో కూడా ఆ మచ్చ ఉంది. 1908లో ఒక రూలు పెట్టారు: పుట్టిన దేశం నుంచి మధ్యలో ఎక్కడా మారకుండా నేరుగా ఓడలో వస్తేనే దిగనిస్తామని. భారతదేశం నుంచి అలా నేరుగా వచ్చే ఓడలే ఉండేవి కావు. 1914లో కోమగాట మారు ఓడలో 376 మంది వెళితే, రెండు నెలలు వాంకూవర్ రేవులో నిలబెట్టి దాదాపు అందర్నీ వెనక్కి పంపేశారు. ఆ రూలులో ఎక్కడా "భారతీయులు" అన్న మాట లేదు, అయినా అది మనవాళ్ల కోసమే రాసింది.

అందుకే నా దగ్గర ఒక గీటురాయి ఉంది. ఎదుటివాడు మాట్లాడుతున్నది "ఎంతమంది" అనా, "ఎవరు" అనా? "ఏటా ఇన్ని లక్షలు చాలు, ఎవరైనా సరే, అర్హతను బట్టి" అంటే అది జనాభా లెక్క, దానితో కూర్చుని వాదించవచ్చు. "ఫలానా రంగువాళ్లు, ఫలానా మతంవాళ్లు వద్దు" అంటే అది లెక్క కాదు, దానికి ఎక్సెల్ షీట్ తొడిగినా సరే.

సంఖ్య గురించే మాట్లాడేవాళ్ల వాదన నిన్న మొన్నటిది కూడా కాదు. అమెరికాలో 1972లోనే అక్కడి ప్రభుత్వం వేసిన జనాభా కమిషన్, దేశ జనాభా ఇంకా పెరగడం వల్ల ఒరిగే లాభం ఏమీ కనబడటం లేదని, అప్పుడు ఏటా 4 లక్షల దాకా ఉన్న వలసలను అంతకు మించనివ్వవద్దని చెప్పింది. 1970లో ధరిత్రీ దినోత్సవం మొదలుపెట్టిన సెనేటర్ గేలార్డ్ నెల్సన్‌దీ అదే దారి. స్విట్జర్లాండ్‌లో పర్యావరణం పేరుతోనే ఒక సంఘం, నికర వలస ఏటా జనాభాలో 0.2 శాతం దాటకూడదని ప్రతిపాదించింది. 2014 నవంబరులో ఓటింగు పెడితే 74 శాతం మంది వద్దన్నారు. వద్దనడమూ వాళ్ల హక్కే. నాకు నచ్చింది ఏమిటంటే, అంకెను బల్ల మీద పెట్టి జనాన్ని అడిగారు.

పర్యావరణం వాళ్ల మాటల్లో ఒకదానితో మాత్రం నాకు పేచీ ఉంది. కెనడాలో మనిషికి ఏటా సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, మన దగ్గర 2 టన్నులు. మనవాడు అక్కడికి వెళ్లగానే భూమికి భారం ఏడు రెట్లవుతుందని వాళ్లు అంటారు. లెక్కగా నిజమే. కానీ 14ని తగ్గించుకోవడం మానేసి, 2లో ఉన్నవాణ్ని "నువ్వు అక్కడే ఉండు" అనడం పెద్దమనిషి తరహా కాదు.

సంఖ్య గురించి ముందే మాట్లాడుకోకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, మనమే మర్చిపోయాం. బర్మాలో మనవాళ్లను "కొరంగీలు" అనేవారు. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కేవారు కాబట్టి ఆ పేరు. ఆ ఓడల్లో ఎంతమందిని దింపాలో నిర్ణయించింది ఓడల కంపెనీలు, మేస్త్రీలు, ఇంగ్లీషు దొరలు. బర్మా వాళ్లను ఎవరూ అడగలేదు. 1931 నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. దానికి ముందు ఏడాది, 1930 మేలో, ఓడరేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె తీరగానే బర్మీయులను తీసేశారు. అంతే, ఊరు అంటుకుంది. చచ్చినవాళ్లు ఎవరు? మూటలు మోసిన తెలుగు కూలీలు. లాభం తిన్న కంపెనీవాడి చొక్కా నలగలేదు. 1942లో జపాన్ బాంబులు పడ్డప్పుడు మిగిలినవాళ్లు అడవుల వెంట నడిచి వచ్చారు. మా నాయనమ్మ వాళ్ల వైపు ఒకాయన అలా వచ్చి, బతికినంత కాలం ఆ దారి గురించి నోరు విప్పలేదట.

అందుకే వలసలు తగ్గించమని ఎవరైనా చట్టం ద్వారా, అంకెలతో, ముందుగా అడిగితే నాకు భయం వేయదు. అడగనివ్వకుండా నొక్కేస్తే భయం వేస్తుంది. ఆ కోపం నీతుల వల్ల చల్లారదు, బస్‌స్టాపులో నిలబడ్డ మనవాడి మీద పడుతుంది.

ఒక్క షరతు మాత్రం పెడతాను. తగ్గించడం అంటే గుమ్మం దగ్గర తగ్గించాలి. లోపలికి రానిచ్చి, ఫీజులు కట్టించుకుని, పన్నులు కోసుకుని, నాలుగేళ్లు ఆశ చూపించి మధ్యలో రూల్సు మార్చడం జనాభా విధానం కాదు, మోసం. మీ పెద్దబ్బాయి టెన్షన్ అక్కడిది, అది న్యాయమైనదే.

ఇక చిన్నవాడి సంగతి. "పంపాలా వద్దా" అనే ముందు ఏ కోర్సుకి అన్నది తేల్చండి. రెండేళ్ల కాలేజీ డిప్లొమాలో చేరి, పార్ట్‌టైమ్ చేసుకుని, పీఆర్ కొట్టేయవచ్చన్న పాత బాట దాదాపు మూసుకుపోయింది. డిగ్రీ కాని కాలేజీ కోర్సులకు 2024 నవంబరు 1 తర్వాత స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకుంటే, ఆ కోర్సు వాళ్ల జాబితాలో ఉంటేనే తర్వాత వర్క్ పర్మిట్ ఇస్తారు. త్వరగా వీసా వచ్చే ఎస్‌డీఎస్ పద్ధతిని అదే నెలలో ఎత్తేశారు. ఖర్చులకు చూపించాల్సిన సొమ్ము 2024కు ముందు 10,000 కెనడా డాలర్లు, 2025 సెప్టెంబరులో 22,895 చేశారు. ఇది ట్యూషన్ ఫీజు కాకుండా. మరోపక్క, ప్రభుత్వ విద్యాసంస్థల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ చేసేవాళ్లకు 2026 జనవరి నుంచి స్టడీ పర్మిట్ల పరిమితి వర్తించదు. కాబట్టి వాడికి మంచి యూనివర్సిటీలో మాస్టర్స్ సీటు వస్తే పంపండి, చదువు కోసం పంపండి. పీఆర్ వస్తుందన్న లెక్క మీద పొలం తాకట్టు పెట్టి లోను తీసుకోకండి. పీఆర్ రాకపోయినా ఇక్కడ జీతంతో తీర్చగలిగినంత అప్పే చేయండి. కన్సల్టెన్సీ వాడు "గ్యారంటీ సార్" అంటే ఆ ముక్క లెటర్‌హెడ్ మీద రాసివ్వమనండి, ఫ్యాన్ కింద కూర్చోబెట్టి కాఫీ తెప్పించడం తప్ప ఇంకేమీ చేయడు.

పెద్దవాడికి ఈ కోత నిజానికి పూర్తిగా నష్టం కాదు. 2025లో ఇచ్చే పీఆర్‌లలో 40 శాతానికి పైగా అప్పటికే దేశంలో ఉన్న తాత్కాలిక నివాసులకే అని 2024 ప్లానులో పెట్టారు. 2026 నుంచి మూడేళ్లపాటు పీఆర్ సంఖ్యను ఏటా 3,80,000 దగ్గర ఉంచుతున్నారు, కొత్తగా వచ్చే స్టూడెంట్లను మాత్రం బాగా కోశారు. అంటే వాడి వెనక క్యూలో చేరేవాళ్లు తగ్గుతున్నారు. వర్క్ పర్మిట్ గడువు తేదీ, అనుభవం లెటర్లు, భాష పరీక్ష స్కోరు, ఈ మూడూ సరిగ్గా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోమనండి. ఫ్రెంచ్ కాస్త నేర్చుకోగలిగితే ఇంకా మంచిది, దానికి వేరే వాటా ఉంది.

అన్నట్టు, వాడి ఇంటి లీజు ఎప్పుడు అయిపోతుందో అడగండి. రెన్యువల్‌కు ముందు ఓనరుతో అద్దె తగ్గించమని బేరమాడమనండి. మా అమ్మాయి వాళ్ల వీధిలో కిందటేడు బేస్‌మెంట్లకు కాళ్లావేళ్లా పడేవారు, ఇప్పుడు మూడిళ్ల ముందు టు లెట్ బోర్డులు వేలాడుతున్నాయి.